గాలికి తూము కట్టగలమా?

పిల్లలూ! ఈసారి సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్ళినప్పుడు తాతగారిని ఒక చిన్న కోరిక కోరండి. పాత కాగితాల పెట్టె తీసి, అందులో రేడియో లైసెన్సు పుస్తకం ఉన్నదేమో చూడమనండి. దొరికితే మీ అదృష్టం! లోపల తపాలా బిళ్ళల వంటి బిళ్ళలు అంటించి, వాటి మీద పోస్టాఫీసు ముద్రలు కొట్టి ఉంటాయి.

“రేడియోకు లైసెన్సేమిటి? అదేమన్నా తుపాకీయా?” అని మీరు నవ్వవచ్చు. కాని ఒకప్పుడు మన దేశంలో ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే లైసెన్సు ఉండి తీరవలసిందే. ఏటేటా పోస్టాఫీసుకు వెళ్ళి రుసుము కట్టేవారు. 1970 ప్రాంతంలో అది రేడియోకు ఏడాదికి 15 రూపాయలు. టెలివిజన్ వచ్చాక దానికీ లైసెన్సు పెట్టారు. దాని రుసుము 50 రూపాయల దాకా పెరిగింది. లైసెన్సు లేని సెట్లు పట్టుకోవటానికి ఇనస్పెక్టర్లు కూడా ఉండేవారు. 1980ల నడుమ ప్రభుత్వం ఈ లైసెన్సులన్నిటినీ ఎత్తివేసింది.

ఇంట్లో దాచిన సెట్టును ఇనస్పెక్టరు ఎలా కనిపెట్టాలి? ఇప్పుడా ఇనస్పెక్టరు ఏమయ్యాడు? గోదావరి కాలువ గట్ల మీద తిరిగే పిల్లలకు ఈ సంగతి ఇట్టే బోధపడుతుంది.

వాన కురిసిందనుకోండి. మీ చేనూ తడుస్తుంది, పక్కవారి చేనూ తడుస్తుంది. ఆ వాననీటికి ఎవరైనా పన్ను వెయ్యదలిస్తే, ప్రతి చేను గట్టుకూ వెళ్ళి “మీ చేను తడిసిందా?” అని చూసుకోవాలి. కాలువ నీరు అలా కాదు. 1852లో కాటన్ దొరగారు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేయించిన తరువాత, గోదావరి నీరు లాకులు దాటి, కాలువల్లో సాగి, తూముల గుండా చేలకు చేరుతున్నది. తూము దగ్గర లస్కరు ఉంటాడు. తలుపు ఎత్తితే నీరు పారుతుంది, దించితే ఆగుతుంది. అతను చేను చేనుకూ తిరగనక్కరలేదు.

రేడియో తరంగాలు వాన వంటివి. 1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో కేంద్రం మొదలయింది. అక్కడి నుంచి బయలుదేరిన పాట రాజమండ్రి మేడ మీదా, రాజోలు కొబ్బరితోట మీదా, గోదావరిలో పోయే పడవ మీదా ఒకేలాగు కురుస్తుంది. ఒకరు విన్నంతమాత్రాన మరొకరికి తరగదు. ఎవరు వింటున్నారో పాడేవారికి తెలియనే తెలియదు! పంచాయతీ రేడియో మోగుతుంటే, చేతిలో కానీ లేని పిల్లవాడు కూడా అరుగు పక్కన నిలబడి వినగలిగేవాడు.

ఇది వినేవారికి బాగానే ఉన్నది. మరి పాడేవారికి జీతం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ చిక్కు మన దేశానికి మొదట్లోనే వచ్చింది. 1927లో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ బొంబాయిలోనూ, కలకత్తాలోనూ రేడియో కేంద్రాలు తెరిచింది. లైసెన్సు ఏడాదికి 10 రూపాయలు. అందులో 8 రూపాయలు కంపెనీకి వచ్చేవి. కాని సెట్ల ఖరీదు జాస్తి. పైగా కొందరు లైసెన్సు లేకుండానే వినేవారు. దేశం మొత్తం మీద లైసెన్సులు 8 వేలు కూడా దాటలేదు. ఖర్చులకు చాలక, 1930లో ఆ కంపెనీ మూతపడింది! అందుచేత 1933లో కొత్త చట్టం చేశారు. ఆ చట్టం ప్రకారం, వినటం మాట అటుంచి, లైసెన్సు లేకుండా సెట్టు దగ్గర ఉంచుకోవటమే నేరం.

ఇక సెట్టును కనిపెట్టటం ఎలా? మొదటి ఆనవాలు ఇంటి మీది ఏరియల్. టెలివిజన్‌కయితే మరీ సులభం. ఇంటి కప్పు మీద గడకు చేపముల్లు గుచ్చినట్టుండే ఏరియల్ వీధి చివరికి కూడా కనబడేది. దానిని 1926లో జపానులో ఉడా, యాగి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. తరంగం ఎటు నుంచి వస్తుందో అటువైపుకు దాన్ని తిప్పి కట్టాలి. గాలివానకు తిరిగిపోతే బొమ్మ చెదిరిపోయేది. ఒకరు మేడ ఎక్కి తిప్పుతుంటే, మరొకరు కింది నుంచి “ఆఁ, వచ్చింది! అయ్యో, పోయింది!” అని కేకలు పెట్టటం మీ నాన్నగారికి గుర్తుండే ఉంటుంది.

ఏరియల్ ఇంట్లోనే దాచేస్తే? ఇంగ్లండులో దానికీ ఉపాయం కనిపెట్టారు. ఆనాటి అక్కడి టెలివిజన్ ఒక్కొక్క బొమ్మను 405 గీతలుగా గీసేది. సెకనుకు 25 బొమ్మలు. అంటే సెకనుకు ఎన్ని గీతలో హెచ్చవేసి చూడండి. 10,125! గీతలు గీయించటానికి గాజుగొట్టం చుట్టూ తీగచుట్టలు ఉంటాయి. అవి అదే వేగంతో అయస్కాంత శక్తిని వెలువరిస్తాయి. అందులో కొంత గోడ దాటి వీధిలోకి వస్తుంది. 1952లో బ్రిటిష్ పోస్టాఫీసువారు మోటారు బండి పైన తీగచుట్టలు అమర్చి, ఈ శక్తిని పసికట్టే యంత్రంతో వీధుల వెంట తిరగసాగారు. నేటి పలుచని టెలివిజన్లలో ఆ గాజుగొట్టమే లేదు. కాబట్టి ఆ కిటుకు వాటి దగ్గర సాగదు.

ఇంతలో వానను కాలువలోకి మళ్ళించారు. 1990 తరువాత మన ఊళ్ళలో కరెంటు స్తంభం నుంచి కొబ్బరిచెట్టుకూ, కొబ్బరిచెట్టు నుంచి పెంకుటింటికీ కేబుల్ తీగలు పాకినై. డబ్బు కట్టకపోతే కేబుల్ ఆయన వచ్చి తీగ కోసేసేవాడు. ఇక ఇనస్పెక్టరెందుకు? 1995 చట్టం ప్రకారం కేబుల్ నడిపేవారు హెడ్ పోస్టాఫీసులో పేరు నమోదు చేసుకోవలసి వచ్చింది. చూశారా, పోస్టాఫీసు మళ్ళీ వచ్చింది! కాని ఈసారి నమోదయ్యేది చేనుగల ఆసామి కాదు, తూము దగ్గరి లస్కరు.

అయితే లస్కరే లెక్క తగ్గించి చెబితే? అదీ జరిగింది. వెయ్యి ఇళ్ళకు తీగలు లాగి, కొన్ని ఇళ్ళ లెక్కే చూపినవారు ఉన్నారు. అందుకని 2011లో చట్టాన్ని సవరించి, ప్రతి ఇంటికీ సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి చేశారు. మహానగరాలతో మొదలయి, 2017 మార్చికి పల్లెల వంతు వచ్చింది.

ఆ పెట్టెలో ఉన్న రహస్యం ఏమిటి? బొమ్మను ముందే చిక్కుముడిగా చేసి పంపుతారు. ముడి విప్పే తాళంచెవి పెట్టెలో ఉంటుంది. ప్రతి పెట్టెకూ ఒక నంబరు ఉన్నది. “ఫలానా నంబరుకు ముడి విప్పు, ఫలానా నంబరుకు విప్పవద్దు” అని బొమ్మలతోపాటే ఆజ్ఞలు కూడా వస్తాయి. డాబా మీది గొడుగు వంటి డిష్‌కు ఉపగ్రహం నుంచి వచ్చేది వానే! అయినా డబ్బు కట్టని ఇంట్లో అది పనికిరాదు. అంటే గాలికి తూము కట్టటం సాధ్యమే అయిందన్నమాట.

ఆ తరువాతిది గాజుదారం. వెంట్రుకంత సన్నని గాజుపోగులో వెలుతురు పరుగెత్తుతుంది. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ఇంటింటికీ ఈ దారం ద్వారా ఇంటర్నెట్టూ, టెలివిజనూ, టెలిఫోనూ అందించే ఏర్పాటు ప్రారంభమయింది. మరుసటి ఏడు డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామనాథ్ కోవింద్‌గారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. ఈ దారంలో ఒక విశేషం ఉన్నది. ఉపగ్రహం చెబుతుందేగాని వినదు. గాజుదారం రెండు వైపులా మాట్లాడుతుంది. మీరు ఒక చానెల్ నొక్కగానే ఆ కోరిక అవతలి చివరకు వెళుతుంది, అప్పుడే బొమ్మ వస్తుంది.

ఇక్కడ కాస్త ఆలోచించండి. వెనకటి ఇనస్పెక్టరుకు “ఈ ఇంట్లో రేడియో ఉన్నది” అన్న ఒక్క సంగతే తెలిసేది. ఏ పాట విన్నారో తెలియదు. ఈనాటి పెట్టెకు ఏ ఇంట్లో ఏ బొమ్మ ఎంతసేపు ఆడిందో లెక్క తెలిసే వీలున్నది. లస్కరు గట్టు మీద నుంచి మన నట్టింటిలోకి వచ్చి కూర్చున్నాడు! తాళం వల్ల ఎగవేత తగ్గింది, నిజమే. కాని ఆ తాళంతో పాటు మన రహస్యం కొంత పరాయివారి చేతికి పోయే మార్గమూ ఏర్పడింది. చేతిలో కానీ లేని పిల్లవాడికి అరుగు పక్కన చోటు కూడా పోయింది.

ఇతర దేశాలు కూడా ఈ ఆలోచనలో పడ్డాయి. సెల్‌ఫోనులోనూ టెలివిజన్ వస్తుంటే “మీ ఇంట్లో టెలివిజన్ ఉన్నదా?” అని అడిగి లాభమేమిటి? స్వీడన్‌లో కంప్యూటరుకు కూడా రుసుము అడిగితే, కంప్యూటరు టెలివిజన్ సెట్టు కాదని 2014లో పెద్ద కోర్టు తీర్పు చెప్పింది. 2019 నుంచి అక్కడ లైసెన్సు తీసేసి, సంపాదించే ప్రతివారి మీదా పన్నుగా వేశారు. జర్మనీలో 2013 నుంచి సెట్టు ఉన్నా లేకపోయినా ఇంటికింత అని వసూలు చేస్తున్నారు. ఇంటింటా వెతకటమూ వద్దు, తాళమూ వద్దు. వాన అందరిదీ గనక ఖర్చు అందరిదీ అని వారి లెక్క.

మన ఆకాశవాణికీ, దూరదర్శన్‌కూ ఇప్పుడు ప్రభుత్వ ధనమూ, ప్రకటనల రాబడీ ఆధారం. 2004 డిసెంబరులో దూరదర్శన్ మొదలుపెట్టిన ఉచిత డిష్ ఈనాటికీ ఉన్నది. డిష్షూ, పెట్టే కొనుక్కుంటే చాలు, నెలనెలా కట్టవలసిందేమీ లేదు. అంటే వాన ఇంకా కురుస్తూనే ఉన్నది! అది ఊరికే వస్తున్నదని మాత్రం అనుకోకండి. మనమంతా కట్టే పన్నులలో నుంచే దాని ఖర్చు వస్తున్నది.

2025 జనవరి నుంచి కేబుల్ వారి నమోదు కూడా కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ లెక్కలోకి మారింది. రేడియో లైసెన్సుతో మొదలయిన పోస్టాఫీసు పని అక్కడితో తీరింది.

ఈ సాయంత్రం మేడ ఎక్కి మీ వీధిని ఒకసారి చూడండి. పాత చేపముల్లు ఏరియళ్ళు ఎన్ని? గొడుగులు ఎన్ని? తీగలు ఎన్ని? వాటిలో ఏది వాన, ఏది కాలువ, ఏది వెనక్కు తిరిగి మాట్లాడే కాలువ? లెక్క రాసుకుని మీ నాన్నగారిని ఒక ప్రశ్న అడగండి: “మన ఇంట్లోని పెట్టెకు మన గురించి ఏమేమి తెలుసు నాన్నా?” వారికి తెలియకపోతే ఇద్దరూ కలిసి, కనెక్షన్ ఇచ్చినవారినే అడగండి. అడిగే హక్కు డబ్బు కట్టే ప్రతివారికీ ఉన్నది.