సరిహద్దు పౌరుని వోటు

వోటు హక్కు కలిగియుండుట వేఱు; దానిని తెలిసి వినియోగించుకొనగలుగుట వేఱు. మొదటిది చట్టము ఒక్క వాక్యముతో ప్రసాదింపగలదు. ప్రభుత్వము చెప్పునది పౌరునకును, పౌరుడు చెప్పునది ప్రభుత్వమునకును అర్థమైనప్పుడుగాని రెండవది సిద్ధింపదు. ఈ భేదమును కనుగొనుటకు దూరదేశములకు పోనక్కఱలేదు. కర్ణాటకమున తుమకూరు జిల్లాకు చేరిన పావగడ తాలూకాను చూచిన చాలును.

పటమును విప్పి చూచినచో పావగడ మూడు ప్రక్కల ఆంధ్రదేశముచే చుట్టబడి, ఒక్క ప్రక్కన మాత్రమే తన రాష్ట్రముతో తగులుకొని యుండుట కానవచ్చును. దాని సరసనే మడకశిర అట్లే కర్ణాటకములోనికి చొచ్చుకొనిపోయిన ఆంధ్ర భూభాగము. ఈ హద్దు భాషను జూచి గీచినది కాదు. ఒకవైపు మైసూరు సంస్థానమును, ఇంకొకవైపు చెన్నపురి రాజధానిలోని అనంతపురము జిల్లాయు ఉండిన కాలమునాటి గీత యది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము వెలసినప్పుడుగాని, 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్నిర్మాణము జరిగినప్పుడుగాని అది కదలలేదు. తత్ఫలితముగా పావగడ పల్లెలలో ఇంటి మాట తెలుగు, కచేరి మాట కన్నడము. మడకశిర ప్రాంతమున పెక్కు కుటుంబములకు ఇంటి మాట కన్నడము, కచేరి మాట తెలుగు.

ఆ గీతను ఇప్పుడు చెరుపవలెనని మేము కోరుట లేదు. అచ్చటి ప్రజలు రెండు భాషలలో బేరసారములు సాగించుచు, గీతకు ఇరువైపుల వియ్యమందుచు, పావగడలోని శనిమహాత్ముని గుడికి ఉభయ ప్రాంతములనుండియు తరలివచ్చుచు కలసిమెలసి యున్నారు. కన్నడము వారికి పరాయి భాష గాదు. మా ప్రశ్న వేఱు: గీత ఎక్కడ నున్నను, దాని లోపలి పౌరుడు సంపూర్ణ పౌరుడై యున్నాడా?

మైసూరు సీమకు ప్రజాప్రాతినిధ్యము క్రొత్త గాదు. దివాను సి. వి. రంగాచార్లుగారు 1881 అక్టోబరు నెలలో ప్రతినిధి సభను సమావేశపఱచిరి. 144 మంది సభ్యులతో నారంభమైన ఆ సభ భారతదేశమందలి సంస్థానములలో అట్టివానికి మొదటిది. కాని అది ప్రజల కష్టసుఖములను దివానునకు విన్నవించు సభయేగాని శాసించు సభ కాదు. భూమియో, వర్తకమో, చదువో ఉన్నవారికే అందు స్థానముండెను. 1947 అక్టోబరులో బాధ్యతాయుత ప్రభుత్వ మేర్పడి కె. చెంగలరాయ రెడ్డిగారు మైసూరునకు మొదటి ముఖ్యమంత్రి యగువఱకు అధికారము ప్రజల చేతికి రాలేదు. తరువాత 1950లో అమలునకు వచ్చిన భారత రాజ్యాంగ చట్టపు 326వ అధికరణము ఆస్తిని, చదువును, కులమును, స్త్రీపురుష భేదమును పాటింపక వయోజనులందఱికిని వోటు నిచ్చినది. 1951వ సంవత్సరపు జనాభా లెక్కలలో అక్షరాస్యులు నూటికి 18 మంది మాత్రమే. అట్టి దేశమున 1951–52లో సుమారు 17 కోట్ల మంది వోటర్లతో ఎన్నికలు జరిగినవి. చదువురానివాడు గుర్తును జూచి వోటు వేయునట్లు ఏర్పాటు చేసి, చదువు లేదను నెపమున ఎవనిని బయట నిలుపలేదు. ఈ సాహసము ఎంతటిదో అమెరికా చరిత్రను తెలిసినప్పుడుగాని మనకు బోధపడదు.

అమెరికా ప్రభుత్వపు కట్టడము మూడు స్తంభములపై నిలిచినది. శాసనములు చేయునది కాంగ్రెసు, అమలుజరుపువాడు అధ్యక్షుడు, వివాదములను తీర్చునవి న్యాయస్థానములు. కాంగ్రెసులో ప్రతినిధుల సభకు 435 మంది. పదేండ్ల కొకమాఱు జరుగు జనాభా లెక్కలను బట్టి ఈ స్థానములను రాష్ట్రములకు పంచుదురు. సెనేటునకు మాత్రము పెద్ద రాష్ట్రమైనను చిన్న రాష్ట్రమైనను ఇద్దఱే. నాలుగు కోట్లకు చేరువైన జనులు గల కాలిఫోర్నియాకును, ఆఱు లక్షలైన లేని వయోమింగునకును అచ్చట సమాన బలము. అధ్యక్షుని ఎన్నుకొనునది సూటిగా ప్రజల వోటు గాదు. రాష్ట్రముల వారీగా నియమింపబడు 538 మంది నియోజకులలో 270 మంది మద్దతు పొందినవాడే అధ్యక్షుడు. ఇట్లు అధికారమును ముక్కలు చేసి ఒకదాని కొకటి అడ్డునిలుచునట్లు అమర్చుటలో వారి భయ మొక్కటే: ఒకచోట కూడిన అధికారము పౌరుని మ్రింగివేయునని.

ఇంత జాగ్రత్త వహించిన ఆ రాజ్యాంగకర్తలు ఎవరికి వోటు ఉండవలెనను విషయమును మాత్రము రాష్ట్రముల ఇష్టమునకు విడిచిరి. ఆ విడిచిన సందులోనుండియే అన్యాయము ప్రవేశించినది. వర్ణమునుబట్టి వోటు నిరాకరింపరాదని 1870లో 15వ సవరణము వచ్చినది. స్త్రీలకు వోటునిచ్చు 19వ సవరణము 1920లో వచ్చినది. అయినను దక్షిణ రాష్ట్రములు చదువు పరీక్ష యను సాధనముతో నీగ్రో పౌరులను దశాబ్దములపాటు వోటు పెట్టెకు దూరముగా నుంచెను. చట్టములో హక్కు కలదు. గుమాస్తా బల్లకడ అది మాయమైనది. 1965లో వోటు హక్కుల చట్టము ఆ పరీక్షలను, అవి ఎక్కువగా దుర్వినియోగమైన ప్రాంతములలో, నిలిపివేసెను. 1975లో దేశమంతట శాశ్వతముగా నిషేధించిరి.

మన ప్రశ్నకు దగ్గఱయైన భాగ మిచ్చటనే యున్నది. పోర్టోరికో ద్వీపవాసులు 1917 నుండి అమెరికా పౌరులు. వారి భాష స్పానిషు. వారు న్యూయార్కు నగరమునకు వచ్చి స్థిరపడగా, ఆంగ్లము చదువలేరను కారణమున వారికి వోటు లేదనిరి. 1965వ సంవత్సరపు చట్టము, అమెరికా పతాకము క్రింది పాఠశాలలో ఏ భాషయందైనను ఆఱవ తరగతి ముగించినవానికి ఆంగ్లము రాదను సాకుతో వోటు నిరాకరింపరాదని శాసించెను. 1966లో సుప్రీము కోర్టు దానిని సమర్థించెను. 1975లో ఇంకొక అడుగు పడినది. ఒక ప్రాంతమున ఆంగ్లము చాలినంత రాని ఒక భాషావర్గపు పౌరులు వోటు వయస్సువారిలో నూటికి 5 గురికి మించి, వారిలో నిరక్షరాస్యత దేశపు సగటుకంటె హెచ్చుగా నున్నచో, వోటు పత్రములు, ప్రకటనలు, సహాయము అన్నియు వారి భాషలో గూడ నీయవలెను. ఈ నిబంధన క్రిందనే న్యూయార్కులోని క్వీన్సు ప్రాంతమున 2013లో వంగభాష వోటు పత్రముపై కెక్కినది. 2025 మార్చిలో అధ్యక్షుని ఉత్తరువు ఆంగ్లమును ఆ దేశపు అధికార భాషగా ప్రకటించినది. కాని కాంగ్రెసు చేసిన శాసనమును ఉత్తరువు రద్దుచేయజాలదు. మూడు స్తంభముల కట్టడమునకు ప్రయోజన మిదియే.

ఇప్పుడు మరల పావగడకు వత్తము. వోటు వేయు దినమున మన పౌరుడు అమెరికా పౌరునికంటె అదృష్టవంతుడు. గుర్తు ఏ భాషలోనైనను గుర్తే. కాని ప్రభుత్వ మనునది ఐదేండ్ల కొక దినము జరుగు ఉత్సవము కాదు. మిగిలిన దినములలో గుర్తులు లేవు, కాగితములు కలవు. పట్టా, కౌలు ఒప్పందము, పింఛను దరఖాస్తు, గ్రామసభ తీర్మానము, బడిలో చేర్చుకొను పత్రము, ఇవన్నియు భాషలో నుండును. కరవు సీమయై, భూగర్భజలములో ఫ్లోరైడు దోషముచే బాధపడుచున్న పావగడలో ఇవి ప్రాణముతో ముడిపడిన కాగితములు.

ఒక్క ఉదాహరణము చాలును. తిరుమణి మొదలగు ఐదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములపై 2,050 మెగావాట్ల సూర్యవిద్యుత్ క్షేత్రము వెలసినది. 2018 మార్చిలో దానికి ప్రారంభోత్సవము జరిగినది. భూమిని కొనక, ఎకరమునకు సాలుకు 21,000 రూపాయల చొప్పున కౌలునకు తీసికొనుట అందలి విశేషము. వర్షము లేక బీడుపడిన పొలమునకు అది స్థిరమైన ఆదాయమే. కాని భూమిలేని కూలివానికి కౌలు రాదు. పొలము పని మాత్రము పోయినది. అట్టివాడు తన మాట చెప్పుకొనవలసిన చోటు గ్రామసభ. 1987లో కర్ణాటకము మండల పంచాయతీలకు ఎన్నికలు జరిపి దేశమునకు మార్గము చూపినది. 1993లో 73వ రాజ్యాంగ సవరణము అమలునకు వచ్చి గ్రామసభకు రాజ్యాంగములోనే స్థానము కల్పించినది. ఆ సభలో చదివిన తీర్మానము వానికి తెలియనిచో, వాని హస్తాక్షరమో వ్రేలిముద్రయో సమ్మతి యగునా? ఇదియే మా ఆందోళనము.

మఱియొక చిక్కు గలదు. పావగడ పరిపాలనకు తుమకూరు జిల్లాలోనిది. లోకసభ ఎన్నికకు చిత్రదుర్గ నియోజకవర్గములోనిది. శాసనసభ స్థానమును, లోకసభ స్థానమును గూడ షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడినవి, అది న్యాయమే. కాని జిల్లా యొకటి, లోకసభ నియోజకవర్గ మొకటి, ఇంటి భాష యొకటి, కచేరి భాష యొకటియైన చోట సామాన్యుడు తన కష్టమును ఎవరితో చెప్పుకొనవలెనో నిర్ణయించుకొనుటయే కష్టము. అట్టిచోట హక్కులను వివరించి చెప్పువారి అవసరము హెచ్చు.

హక్కులు లేకపోలేదు. రాజ్యాంగ చట్టపు 350వ అధికరణము ప్రకారము దేశములోనో రాష్ట్రములోనో వాడుకలోనున్న ఏ భాషలోనైనను పౌరుడు తన కష్టమును ప్రభుత్వాధికారికి విన్నవించుకొనవచ్చును. 1956లో 7వ సవరణముచే చేరిన 350ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషావర్గపు పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పుటకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించును. 350బి వారి రక్షణములను విచారించి రాష్ట్రపతికి నివేదించుటకొక కమిషనరును ఏర్పఱచెను. ఒక బడిలో 40 మందియో, ఒక తరగతిలో 10 మందియో కోరినచో మాతృభాషలో బోధింపవలెనని 1949లోనే విద్యామంత్రుల సమావేశము నిర్ణయించినది. నూటికి 15 నుండి 20 మంది వేఱుభాషవారున్న చోట ముఖ్య ప్రకటనలను ఆ భాషలోను ప్రచురించుట మేలని 1956వ సంవత్సరపు రక్షణల పత్రము తెల్పినది. మాతృభాష ఏదో నిర్ణయించు అధికారము తల్లిదండ్రులదే యని 2014 మే నెలలో సుప్రీము కోర్టు కర్ణాటకమునకు సంబంధించిన వ్యాజ్యములోనే తీర్పు చెప్పినది.

అయినచో లోప మెక్కడ? అమెరికా నిబంధన కొలత కలిగిన శాసనము. ఇంతమంది యున్నచో ఇది చేయవలెనని యున్నది, చేయనిచో కోర్టు చేయించును. మన రక్షణములలో పెక్కు యత్నింపవలెను, మేలు, తగును అను మాటలతో ముగియును. అడుగువా డున్నచో అవి ఆయుధములు. అడుగువాడు లేనిచో అలంకారములు. పావగడలో లోపించినది చట్టము కాదు, అడుగుట.

ఇట్లు తెలుగునకు చోటు కోరుట కన్నడమునకు ద్రోహమని కొందఱందురు. కన్నడము రాని పావగడ బాలుడు తన రాష్ట్రములో ఉద్యోగమునకు, న్యాయమునకు దూరమగునని మేమును ఒప్పుకొందుము. వాడు కన్నడము నేర్చియే తీరవలెను. కాని తెలిసిన భాష మెట్టుగా తెలియని భాషకు ఎక్కుట సుకరము. మెట్టును తీసివైచి మేడ నెక్కుమనుట విద్య కాదు. మఱియు పావగడలోని తెలుగువానికి మన మేది కోరుదుమో, మడకశిరలోని కన్నడిగునికి ఆంధ్ర ప్రభుత్వము దానినే ఈయవలెనని గూడ మనమే ముందుగా కోరవలెను. తన సరిహద్దులో ఈయనిదానిని పొరుగు సరిహద్దులో అడుగువాని మాటకు విలువ యుండదు.

రాజధానిలోని తెలుగు న్యాయవాదులకు, వైద్యులకు, ఇంజనీర్లకు, ఉద్యోగులకు మా మనవి యిది. మనము సభలు చేసి భాషను కీర్తించుటలో వెనుదీయువారము కాము. ఆ ఉత్సాహములో కొంత పావగడకు మరల్చుడు. సెలవు దినములలో ఇద్దఱు న్యాయవాదులు పోయి తెలుగులో అర్జీ వ్రాయుట నేర్పి, దానిని తహసీలుదారు కచేరిలో స్వీకరింపజేసిన చాలును; 350వ అధికరణము ప్రాణము పోసికొనును. ఏ బడిలో ఎందఱు పిల్లలకు తెలుగు కావలెనో తల్లిదండ్రుల సంతకములతో లెక్కగట్టి, 10 మంది, 40 మంది యను కొలతకు సరిపోయినచో భాషాల్పసంఖ్యాకుల కమిషనరునకు పంపుడు. కరవునకు తాళలేక పల్లె విడిచి పట్టణమునకు కూలికి వచ్చినవారి పేర్లు వోటర్ల జాబితాలో ఎచ్చట నున్నవో చూచి, నివాసము మారినవారిచే 8వ నమూనా పత్రమును పూర్తిచేయింపుడు. భూమిలేని కూలీల పక్షమున గ్రామసభలో తీర్మానమును చదివి, తెలుగులో వివరించి, ప్రశ్నింపజేయుడు.

అమెరికాలో చదువు పరీక్షలను నిర్మూలించినది వాషింగ్టనులోని శాసనకర్తల దయ మాత్రమే కాదు. పల్లెపల్లెకు పోయి, చదువురాని పౌరుని ప్రక్కన నిలిచి, జాబితాలో పేరు వ్రాయించుటకు ఏండ్ల తరబడి పాటుపడిన విద్యావంతుల శ్రమయు అందు కలదు. అట్టివారు లభించినచో పావగడ పౌరునకు క్రొత్త హక్కు లేవియు అక్కఱలేదు, ఉన్నవి చాలును.