కొక్కెం విరిగితే కొంపంతా మార్చాలా?

"అంత చిన్న లాచ్ కోసం ఇంత హైరానా ఎందుకమ్మా? ఎక్స్ఛేంజ్‌లో పడేసి కొత్త ఓవెన్ తెచ్చుకోరాదూ! ఈ రోజుల్లో ఎవరు బాగుచేయించుకుంటున్నారు గనక?" అన్నారు ఎదురింటి పిన్నిగారు. ఆవిడ నా మంచికే అన్నారు. కానీ ఆ మాట నాకు మింగుడు పడటం లేదు.

సంగతేమిటంటే, మా మైక్రోవేవ్ ఓవెన్ తలుపు సరిగ్గా పడటం లేదు. నెడితే మూసుకుంటుంది గానీ, 'టక్'మన్న చప్పుడు రాదు. లోపల లైటు ఆరదు. స్టార్ట్ నొక్కితే ఉలకదు, పలకదు. సర్వీసు కుర్రాడొచ్చి, అటూ ఇటూ ఊపి చూసి, "లాచ్ విడిగా రాదండీ, డోర్ మొత్తం మార్చాల్సిందే" అన్నాడు. ఎంతవుతుందయ్యా అంటే కొత్త ఓవెన్ ధరలో సగానికి దగ్గరగా చెప్పాడు.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా అంటారు మన పెద్దవాళ్ళు. ఇక్కడ ఎలుక ఏపాటిదో చూడండి. తలుపు అంచున బొటనవేలంత ప్లాస్టిక్ కొక్కెం, దాన్ని బిగువుగా పట్టి ఉంచే ఓ చిన్న స్ప్రింగు. అంతే! ఇల్లు మాత్రం నిక్షేపంలా ఉంది. మాగ్నెట్రాన్ బాగుంది, ట్రాన్స్‌ఫార్మర్ బాగుంది, గాజు పళ్ళేనికి చిన్న గీత కూడా పడలేదు. మరి తగలబెట్టమని చెబుతున్నదెవరు? కొత్త ఇళ్ళు అమ్ముకునేవాళ్ళు!

ఎలుక దూరిందని తెలిస్తే ఏ ఇల్లాలైనా ముందేం చేస్తుంది? కన్నం ఎక్కడుందా అని వెతుకుతుంది. అగ్గిపెట్టె కోసం వెతకదు కదా! మనమూ ఆ పనే చేద్దాం. ముందు ప్లగ్గు పీకెయ్యండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే పీకాలి. తలుపు తీసి, కొక్కేలు వెళ్ళి దూరే కన్నాల దగ్గర టార్చి వేసి చూడండి. ఉప్మా రవ్వో, అన్నం మెతుకో, కూర చిందిన జిడ్డో అక్కడ గట్టిపడి కూర్చుని ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. కొక్కేన్ని వేలితో మెల్లిగా కదిపి వదిలితే టపీమని తన చోటికి రావాలి. వాలిపోయి అలాగే ఉండిపోయిందంటే స్ప్రింగు జారినట్టు. విరిగితే కంటికే కనిపిస్తుంది. తలుపే కిందికి వాలి, కొక్కెం కన్నానికి ఎదురుగా రావటం లేదనుకోండి, తప్పు కీళ్ళది. ఇవేవీ కాకపోతే చైల్డ్ లాక్ పడిందేమో కూడా చూసుకోండి. తలుపు శుభ్రంగా పడుతున్నా స్టార్ట్ కాకపోవటానికి ఒక్కోసారి అదే కారణం.

అక్కడితో మన చెయ్యి ఆగిపోవాలి. పైరేకు విప్పకూడదు. లోపల కెపాసిటర్ అని ఒకటుంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా అది ప్రాణం తీసేంత ఛార్జి దాచుకుని ఉండొచ్చు. దాని గుట్టు తెలిసిన మెకానిక్కే విప్పాలి.

ఇదంతా ఇలా ఉండగా, కింది ఫ్లోరు కుర్రాడొకడు సలహా ఇచ్చాడు. "ఆంటీ, లోపల స్విచ్ డైరెక్ట్ చేయించెయ్యండి. తలుపు సరిగ్గా పడినా పడకపోయినా తిరిగేస్తుంది!" నాకు ఒళ్ళు మండిపోయింది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోకూడదు, నిజమే. అలాగని ఎలుకల్ని పక్కలో వేసుకుని పడుకుంటామా?

ఆ కొక్కెం చేసే పనేమిటో ఆ అబ్బాయికి తెలీదు. తలుపు పడగానే అది లోపలున్న మైక్రో స్విచ్‌లని నొక్కుతుంది. మామూలుగా మూడుంటాయి. రెండు స్విచ్‌లు, తలుపు తెరుచుకున్న మరుక్షణం కరెంటు ఆపేస్తాయి. అవి పట్టేసి ఆపలేకపోతే, మూడోది ఫ్యూజు కొట్టించి మొత్తం బండినే ఆపుతుంది. ఎందుకింత కాపలా? ఓవెన్‌లో పుట్టే అలల పొడవు 12 సెంటీమీటర్ల పైమాట. తలుపు అద్దంలో కనిపించే జాలీ కన్నాలు అంతకంటే ఎన్నో రెట్లు చిన్నవి గనక అలలు వాటిలోంచి దూరి రాలేవు. తలుపే తెరిచి ఉంటే వాటిని ఆపేదేది? అన్నాన్ని వేడెక్కించినట్టే మన ఒంటినీ వేడెక్కిస్తాయి. కంటిలోని కటకానికి ఆ వేడిని లాక్కుపోయే రక్తప్రసరణ ఉండదు, అందుకే కంటికి ముప్పు ఎక్కువ. అమెరికాలో 1971 నుంచీ రూలుంది: ఓవెన్ ఎంత పాతబడినా, దానికి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీవాట్లు మించి లీకవ్వకూడదు. అంత లెక్క కట్టి పెట్టిన కాపలాదారుణ్ణి 'డైరెక్ట్' చేసేస్తారా?

ఇక్కడే నాకు అసలు కోపం. ఓవెన్‌తో పాటు ఇచ్చే పుస్తకం తీసి చూడండి. లాచ్ విరిగినా, కీళ్ళు వదులైనా వాడొద్దని హెచ్చరిక ఉంటుంది. బాగుందయ్యా, వాడం. మరి కంపెనీవాళ్ళూ, ఆ లాచ్ ముక్క అమ్మరేం? ప్రాణానికి కాపలా అని మీరే రాస్తారు, ఆ కాపలా విరిగితే విడిగా దొరకదంటారు! డబ్బున్నవాళ్ళు కొత్తది కొనుక్కుంటారు. లేనివాళ్ళేం చేస్తారు? ఏ సందు చివరో స్విచ్ డైరెక్ట్ చేయించుకుంటారు. ఆ ఇంట్లో పసిపిల్ల పాలు వేడి చేసుకోవటానికి తలుపు తీస్తుంది. ఆ పాపానికి ఎవరు బాధ్యులు?

ఎవరు బాగుచేయించుకుంటున్నారని అడిగారే, బాగుచేయించుకోనిస్తున్నదెవరు పిన్నిగారూ? మన వీధుల్లో స్టవ్వులు, కుక్కర్లు బాగుచేసేవాళ్ళు కేకేసుకుంటూ వచ్చేవారు కదా! వాషర్ పోతే వాషరే మార్చారు గానీ కుక్కరంతా మార్చమన్నారా? జనానికి బాగుచేయించుకోవాలని లేక కాదు, సామాను దొరక్క మానేశారు.

2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం 'రైట్ టు రిపేర్' పోర్టల్ పెట్టింది. విడిభాగాలు, వారంటీ, రిపేరు వివరాలు కంపెనీలు జనానికి అందుబాటులో పెట్టాలన్నది దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే, కానీ కొక్కెం మన చేతికి రావాలిగా! విడిభాగం ఇవ్వమని మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. కొత్తది కొనబోయేవాళ్ళు పిజ్జా ఎంత క్రిస్పీగా వస్తుందని తర్వాత అడగొచ్చు. లాచ్ విరిగితే లాచ్ ఒక్కటే దొరుకుతుందా, ఎన్నేళ్ళు దొరుకుతుందని ముందు అడగండి. కాగితం మీద రాసిమ్మనండి. రాయనంటే ఆ షాపు మెట్లు దిగి వచ్చెయ్యండి.