సకినాల ధర సరే, కిరాయి లెక్క ఏదీ?

చారాణా కోడికి బారాణా మసాలా అని మన దిక్కు సామెత. ఫోనులో ఆర్డర్లు పట్టి సకినాలు, అప్పడాలు, పచ్చళ్ళు దూరప్రాంతాలకు పంపుతున్న మన యాదాద్రి భువనగిరి జిల్లా అక్కచెల్లెళ్ళలో కొందరి పరిస్థితి నేడు అచ్చంగా ఇట్లాగే ఉంది. సరుకు బాగుంది. గిరాకీ ఉంది. నెలాఖరుకు లెక్క చూసుకుంటే మాత్రం చేతిలో మిగిలింది లేదు. డబ్బు పోయింది పిండిలోనో నూనెలోనో కాదు, పార్సిల్ కిరాయిలో.

సంక్రాంతికి ముందు ఆలేరు వైపు గ్రామానికి చెందిన ఒక పొదుపు సంఘం సభ్యురాలు అట్టపెట్టెలు కొనడానికి రైలెక్కి సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు వెళ్ళింది. ఈ విలేకరి కూడా వెంట ఉన్నాడు. కూరగాయల టోకు వ్యాపారం చాలావరకు బోయినపల్లి యార్డుకు తరలిపోయినా మోండాలో సందడికి కొదవ లేదు. కిలో సకినాలు పట్టే పెట్టె కావాలని ఆమె అడిగింది. విరగకుండా ఉండాలని పెద్ద పెట్టె చూపింది. దుకాణంలో కూర్చున్న పెద్దాయన నవ్వి, "బిడ్డా, సరుకు తూచుకున్నవ్ గని డబ్బా కొలిచినవా?" అన్నాడు. ఆ ఒక్క మాటలోనే ఈ వ్యాపారం గుట్టంతా ఉంది.

కొరియరు వారు బరువు ఒక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని 5000తో భాగించడం చాలా కంపెనీలలో ఉన్న పద్ధతి. అలా వచ్చిన అంకె కిలోలలో 'కొలత బరువు' అవుతుంది. కాటా మీద తూగిన బరువు, ఈ కొలత బరువు - రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. పైగా అరకిలోకు ఒక మెట్టు చొప్పున పైకి లెక్కగడతారు.

ఇది మోసం కాదు. మన రైతుకు తెలియని సంగతీ కాదు. పత్తి బండికీ వడ్ల బండికీ బరువులో ఎంత తేడా! అయినా పత్తితో బండి నిండిపోతే దాని మీద ఇంకొకటి వేయలేం కదా. బండివాడు కిరాయి తగ్గించుకోడు. కొరియరు లారీ సంగతి కూడా అంతే. సకినాలు పత్తి వంటివి, పచ్చడి వడ్ల వంటిది.

లెక్క వేసి చూద్దాం. ఆమె మొదట కోరిన పెట్టె 30 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 20 ఎత్తు. గుణిస్తే 18,000. 5000తో భాగిస్తే 3.6 కిలోలు. మెట్టు ప్రకారం 4 కిలోల కిరాయి. అసలు సరుకు కిలో, పెట్టెతో కలిపి 1.4 కిలోలు మాత్రమే. అరకిలోకు 40 రూపాయలు అనుకుందాం. కిలోకు 80 చొప్పున కొన్నవారి దగ్గర తీసుకుంటే, కట్టవలసింది 320. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 377 రూపాయల 60 పైసలు. 400 రూపాయల సరుకు మీద దాదాపు 298 రూపాయలు ఎదురు పెట్టినట్టు!

అదే కిలో సకినాలను కుమ్మరించకుండా ఒకదానిపై ఒకటి దొంతరలుగా పేర్చి, 25, 20, 15 సెంటీమీటర్ల పెట్టెలో సర్దితే కొలత బరువు 1.5 కిలోలు. జీఎస్టీతో 141 రూపాయల 60 పైసలు. పెట్టె మారినందుకే పార్సిల్‌కు 236 రూపాయలు మిగిలింది. ఆ రోజు ఆమె చిన్న పెట్టెలే కొన్నది. వాటితో పాటు ఒక కొలత టేపు కూడా.

లెక్క ఇంతటితో తీరదు. డబ్బు సరుకు అందాకే ఇస్తామనే ఆర్డర్లలో కొన్ని తిరిగి వస్తాయి. పది పార్సిళ్ళు పంపితే రెండు తిరిగివచ్చాయనుకుందాం. పోయేందుకు 1,416 రూపాయలు, తిరిగివచ్చిన రెండింటికీ అదే రేటు పడితే మరో 283. మొత్తం సుమారు 1,699 రూపాయలు. ఈ ఖర్చును అమ్ముడైన ఎనిమిదే మోయాలి. అంటే పార్సిల్‌కు పడేది 141 కాదు, 212. విరిగిన సకినాల నష్టం దీనికి అదనం. పెట్టె, టేపు, సుతిలి, బస్టాండు దాకా ఆటో ఖర్చు కూడా కలుపుకోవాలి. మోండాకు సరుకు తోలిన పాత తరం రైతులు బండి కిరాయి, హమాలీ, సంచి, కమీషను అన్నీ వేళ్ళ మీద లెక్కించాకే ధర మాట్లాడేవారు. ఫోను వచ్చినంత మాత్రాన ఆ లెక్క మరువరాదు.

దూరాన్ని బట్టి దారి ఎంచుకోవడం కూడా అవసరం. రాష్ట్రంలోని ఊళ్ళకు ఆర్టీసీ పార్సిల్ ఉంది. 2020 జూన్‌లో మొదలైన ఈ సేవలో బస్టాండులో ఇచ్చిన పెట్టెను అవతలి బస్టాండులో తీసుకోవచ్చు. పోస్టాఫీసులో పాత రేటు కాగితం నమ్ముకుంటే దెబ్బ తింటారు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. అక్టోబరు 1 నుంచి స్పీడ్ పోస్టు కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. పార్సిల్ రేట్లు వేరు. కనుక పంపే ముందు అడిగి తెలుసుకోవాలి.

కిరాయి అంతా చెబితే గిరాకీ పోతుందని కొందరి భయం. అందులో నిజం లేకపోలేదు. అయితే దానికి విరుగుడు కిరాయి దాచడం కాదు, తగ్గించడం. ఒక కిలో కంటే రెండు కిలోల ఆర్డరు తీసుకుంటే పెట్టె ఖర్చు, ఆటో ఖర్చు ఇద్దరికీ కలిసివస్తాయి. 'ఉచిత బట్వాడా' అని రాసే పెద్ద వ్యాపారులు కూడా ఆ ఖర్చును ధరలో కలుపుకునే రాస్తారు. ఊరకే ఎవరూ మోయరు.

పొదుపు సంఘాలకు సరుకు తయారీలో శిక్షణ ఇస్తున్న అధికారులు ఈ కిరాయి లెక్కను కూడా నేర్పవలసి ఉంది. ప్రతి మండల సమాఖ్య కార్యాలయంలో ఒక కాటా, ఒక కొలత టేపు, తెలుగులో రేట్ల పట్టిక ఉంచితే పెద్ద ఖర్చేమీ కాదు. పోస్టాఫీసులు, ఆర్టీసీ పార్సిల్ కౌంటర్లలోనూ రేట్లు అందరికీ కనబడేలా తెలుగులో రాసి పెట్టాలి.

ఆ లోపు మన జాగ్రత్త మనదే. పెట్టె మూసిన తరువాత తూచండి. మూడు వైపులా కొలవండి. కాటా మీద పెట్టెను ఫోటో తీసి ఉంచుకోండి, రేపు బరువు మీద పేచీ వస్తే అదే సాక్ష్యం. ఆ తరువాతే ధర చెప్పండి. రాత్రంతా మేలుకొని చుట్టిన సకినాల కష్టం ఖాళీ గాలికి కిరాయి కట్టడానికి పోకూడదు.