బిళ్లపై పేరు, గోడపై సంఖ్య

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం ప్రాంతాల నుండి బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువునకు ఖరగ్‌పూర్ వెళ్లిన తెలుగు కుటుంబాలు అనేకం. అక్కడి ఖరిదాలో తరతరాలుగా తెలుగు మాట వినిపిస్తూనే ఉన్నది. ఆ కుటుంబాల కథలు సాధారణంగా రైల్వే కర్మాగారంతో మొదలవుతాయి. మా కుటుంబ కథ మాత్రం అంతకు ముందే, ఒక యుద్ధంతో మొదలయింది. ఈ మాసం శీర్షికలో ఆ కథను పాఠక మిత్రుల ముందుంచుతున్నాము.

మా ముత్తాతగారు శ్రీకాకుళం ప్రాంతపు రైతుబిడ్డ. అప్పుడు ఆ ఊరిని చికాకోల్ అనేవారు; అది గంజాం జిల్లాలో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆయన మద్రాసు సాపర్ల దళంలో చేరి, బెంగుళూరులో శిక్షణ పొంది, మెసొపొటేమియాకు, అనగా నేటి ఇరాక్‌కు, ఓడపై తరలి వెళ్లారు. దారులు వేయుట, కందకాలు త్రవ్వుట, నదులపై పడవల వంతెనలు కట్టుట సాపర్ల పని. 1917 ఫిబ్రవరి 23న షుమ్రాన్ వద్ద సేనలు టైగ్రిస్ నదిని దాటాయి. మార్చి 11న బాగ్దాదు నగరం వశమయింది. ఆ విజయవార్త మా ఊరికి చేరింది గాని, ముత్తాతగారు చేరలేదు.

అప్పటికి ముత్తవ్వగారి ఒడిలో మూడేండ్ల కొడుకు. భర్త మరణవార్తను ఎవరో చదివి వినిపించారు. ఏ నెలలో, ఏ తిథినాడు పోయారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. తిథి తెలియని వారికి మహాలయ అమావాస్యనాడు పితృకార్యం జరుపుట మన ఆచారం. మా ఇంట ముత్తాతగారికి ఏటా ఆనాడే పిండప్రదానం జరుగుతూ వచ్చింది.

యుద్ధానంతరం ప్రభుత్వం రెండు పతకాలను, ఒక కంచు బిళ్లను పంపింది. సామ్రాజ్య సైన్యంలో మరణించినవారి కుటుంబాలకు ఇచ్చిన బిళ్ల అది. దాని వెడల్పు 12 సెంటీమీటర్లు. ఒక స్త్రీమూర్తి, ఒక సింహం, ప్రక్కన ఉబ్బెత్తు అక్షరాలలో మృతుని పేరు. త్యాగంలో హెచ్చుతగ్గులు లేవన్న భావంతో బిళ్లపై హోదా చెక్కలేదు. ముత్తవ్వగారికి చదువు రాదు. ఆ అక్షరాలను వ్రేలితో తడిమి దేవుని గూటిలో పెట్టేవారట. కొడుకు పెరిగి ఖరగ్‌పూర్ కర్మాగారంలో పనికి కుదిరినప్పుడు ఆమె వెంట బిళ్ల కూడ ఖరిదాకు వచ్చింది. వెండి పతకం ఒక ఆడపిల్ల పెండ్లి ఖర్చులలో కరిగిపోయింది. కంచుతో చేసిన విక్టరీ మెడల్‌కు ధర పలకనందున అది మిగిలింది.

ఇక బస్రా సంగతి. మెసొపొటేమియాలో మరణించి సమాధి తెలియని 40,000 మందికి పైగా సైనికుల జ్ఞాపకార్థం అక్కడ 1929లో స్మారకాన్ని ఆవిష్కరించారు. దాని పలకలపై అధికారుల పేర్లు చెక్కారు. సామాన్య భారతీయ సిపాయిలను మాత్రం దళాలవారీగా సంఖ్యలతో సరిపెట్టారు. ఇంటికి పంపిన బిళ్లపై హోదా లేని పేరు. లోకం చూచే గోడపై పేరు లేని సంఖ్య. ఇటువంటి వివక్ష జరిగినదని కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021 ఏప్రిల్‌లో ప్రకటించిన నివేదికలో అంగీకరించి, క్షమాపణ చెప్పింది.

గోడపై లేకున్నను పేర్లు కమిషన్ పట్టికలలో ఉన్నవి. మేము వెదకినప్పుడు మా ముత్తాతగారి పేరు గలవారు అనేకులు కనిపించారు. సైన్యపు గుమాస్తాలు ఇంటిపేరు వదలి, మిగిలిన పేరును విన్నట్లుగా ఇంగ్లీషులో వ్రాసుకున్నారు. చిక్కు విడదీసినది ధర పలకని ఆ కంచు పతకమే. దాని అంచుపై సైనికుని నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉన్నవి. నంబరు సరిపోయింది. ప్రక్కనే మరణించిన తేదీ: 1917 ఏప్రిల్ మాసంలోనిది. పాత పంచాంగంతో సరిచూడగా చైత్రమాసపు తిథి తేలింది. ఇక మీదట మా ఇంట ఆబ్దికం ఆ తిథినాడే జరుగుతుంది. ముత్తవ్వగారు బ్రతికి ఉండగా ఈ ఒక్క మాట ఆమెకు చెప్పగలవారు లేకపోయారు.

ఆ పట్టికలోని వరుసలో ఆమె పేరు లేదు. రెండవ ప్రపంచ యుద్ధపు పట్టికలలో చాలచోట్ల తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా కూడ కనిపిస్తాయి. మొదటి యుద్ధం నాటి మన సిపాయిల విషయంలో ఆ లోటును ఇంటివారే పూరించుకోవాలి. మేము ఒక పుస్తకంలో ఇద్దరి పేర్లు, ఇంటిపేరుతో, ఊరితో కలిపి వ్రాసి ఉంచాము.

మన సంస్థ ఉద్యోగుల ఇండ్లలోనూ ఇటువంటి పతకాలు ఉండవచ్చును. పాత సామానుతో పాటు తూకానికి వేయక ముందు వాటి అంచులను భూతద్దంతో చూడవలసినదని మనవి. పట్టికలు వెదకునప్పుడు నేటి జిల్లాల పేర్లు అక్కరకు రావు. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడినవి. 1936కు ముందు చికాకోల్, టెక్కలి గంజాంలో ఉండేవి. పిమ్మట విశాఖపట్టణం జిల్లాలో చేరాయి. అన్నిటికంటె ముందు, ఇంటి పెద్దలు ఉండగానే ఇంటిపేరును, స్వగ్రామాన్ని, ఆ సిపాయి భార్య పేరును అడిగి వ్రాసుకోవాలి. నంబరును పతకం చెప్పగలదు. ఆమె పేరును చెప్పగలిగినది ఇంటివారే.