మనిషి ఇటు, రికార్డు అటు

కంప్యూటర్లు నడిపేవాళ్లకు ఒక పాత నియమం ఉంది. ఒక సర్వర్‌లోని ఫైలును మరో సర్వర్‌కు మార్చాలంటే ముందు నకలు తియ్యాలి. అది పూర్తిగా చేరిందో లేదో సరిచూడాలి. ఏది ఎక్కడుందో చెప్పే సూచికను దిద్దాలి. పాతదాన్ని చెరపడం ఆ తర్వాతే. వరస తప్పితే ఫైలు అక్కడా ఉండదు, ఇక్కడా ఉండదు.

రేషన్ కార్డుల విషయంలో సర్కారుది తిరగేసిన వరస. కొత్త రాష్ట్రంలో కార్డు కావాలంటే పాత రాష్ట్రంలో పేరు తీసేసినట్టు కాగితం తేవాలి. బదిలీ మీద వచ్చిన గుమాస్తాకు అది ఒకటి రెండు రోజుల తిరుగుడు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ పల్లెలు వదిలి, అడవి దారుల్లో అప్పటి ఖమ్మం జిల్లాకు చేరిన గుత్తికోయల మాటేమిటి? ఏ ఊరి నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చారో, కాగితం కోసం ఆ దిక్కుకే వెళ్లాలి.

పైగా వాళ్లు కదలకున్నా ఆఫీసులు కదిలాయి. కుంట ప్రాంతం 1998 దాకా బస్తర్ జిల్లా, ఆ తర్వాత దంతెవాడ, 2012 నుంచి సుక్మా. సరిహద్దుకు ఇవతల చింతూరు 2014లో ఖమ్మం నుంచి తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది.

'ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు'లో ఛత్తీస్‌గఢ్ 2022 ఫిబ్రవరిలో చేరింది. ఇందులో రికార్డును కదిలించే పనే లేదు. ఉన్నచోటే ఉంటుంది, డీలర్ దగ్గరి మిషన్ వేలిముద్ర తీసుకుని దాన్ని దూరం నుంచి చదువుకుంటుంది. తెలివైన ఏర్పాటే. కాకపోతే ఆధార్‌తో ముడిపడిన కార్డు ఉండాలి. ఆధార్ రాకముందే ఊరొదిలిన కుటుంబానికి అది ఎక్కడిది? ఉన్నా వచ్చేది ఆహార భద్రత చట్టం కింది కేంద్రం వాటా మాత్రమే. బస్తర్‌లో రాష్ట్రం కలిపే శనగలు, బెల్లం సరిహద్దు దాటవు.

కుల ధ్రువీకరణకు ఈపాటి వెసులుబాటూ లేదు. ఒక రాష్ట్రంలోని ఎస్టీ హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో చెల్లదని సుప్రీంకోర్టు 1990లోనే, మర్రి చంద్రశేఖరరావు కేసులో తేల్చింది.

ఇక మిగిలింది భూమి. పునరావాసం లేకుండా నిర్వాసితులైనవారికి ప్రత్యామ్నాయ భూమి హక్కు అటవీ హక్కుల చట్టంలో ఉంది. గడువు 2005 డిసెంబర్ 13. జుడుం మొదలైంది ఆ ఏడాది జూన్‌లో. ఆ ఆరు నెలల్లోనే ఊరు విడిచామని చూపాలంటే, ఆ సంగతి రాసిన కాగితం జగ్దల్‌పూర్, దంతెవాడ, సుక్మాలలో ఏ బీరువాలో ఉందో ముందు తేలాలి.