ఎఫెసు కరణం ఇచ్చిన సాక్ష్యం

కొండపల్లిలో బొమ్మల కాలనీ వైపు నడిస్తే వాకిళ్లలో తెల్ల పొణికి చెక్క కనిపిస్తుంది. అరుగు మీద ఒకరు చెక్కుతుంటారు, లోపల ఇంకొకరు రంగులు వేస్తుంటారు. చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో కాళ్లూ చేతులూ అతికిస్తారు. ఎడ్లబండి, అంబారీ ఏనుగు, తాడిచెట్టెక్కే గీతకార్మికుడు, దశావతారాలు, అన్నీ ఆ అరుగుల మీదే తయారవుతాయి. అదే ఊళ్లో షాబుఖారీ బాబా దర్గా ఉంది. మన సంఘాలూ ఉన్నాయి. సాయంత్రం సువార్త కూటానికి మైకు కడితే అందరికీ వినబడుతుంది.

ఆ మైకులో యెషయా గ్రంథం 44వ అధ్యాయం చదివారనుకుందాం. ఒకే చెట్టులో సగం పొయ్యిలో పెట్టి, మిగిలిన సగాన్ని దేవుడిగా చేసుకున్న మనిషి గురించి ప్రవక్త చెప్పిన భాగమది. అది మన పరిశుద్ధ గ్రంథం. దాన్ని చదవొద్దనే అధికారం ఎవరికీ లేదు, మన రాజ్యాంగం కూడా ఆ హక్కును కాపాడుతోంది. అయితే చదవడం అయ్యాక ప్రసంగీకుడు నవ్వుతూ కాలనీ వైపు చెయ్యి చూపించి నాలుగు వేళాకోళాలు ఆడితే? సంఘమంతా గొల్లున నవ్వితే? అరుగు మీద కూర్చున్న ఆ పనివాడి చెవిన పడేది యెషయా మాటా, మన నవ్వా? యెషయా ఆ మాటలు చెప్పింది ఇశ్రాయేలుకు, అంటే తన సొంత జనానికి. పొరుగువాడి ఇంటి ముందు నిలబడి అతణ్ణి గేలిచేయడానికి చెప్పలేదు.

ఇలాంటి పనివాళ్ల ఊరొకటి కొత్త నిబంధనలో ఉంది. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలోని ఎఫెసు. దేమేత్రి అనే కంసాలి అర్తెమిదేవి గుళ్లను వెండితో చేయించేవాడు. పౌలు బోధవల్ల వ్యాపారం పడిపోతుందన్నది అతని అసలు భయం. కానీ జనాన్ని రేపడానికి దాన్ని దేవి గౌరవంగా మార్చాడు. ఊరంతా నాటకశాలలోకి పరుగెత్తింది. రెండు గంటలసేపు ఒకటే కేక. తాము ఎందుకు పోగయ్యామో అక్కడున్న చాలామందికి తెలియదని లూకా రాశాడు. ఈనాటి టీవీ చర్చలను, ఫోన్లలో తిరిగే వీడియోలను లూకా చూడలేదు గానీ, చూసినా ఇంతకన్నా బాగా రాయగలిగేవాడు కాదేమో!

ఆ గోలను ఆపినవాడు కరణం. మన తెలుగు బైబిలు ఆ అధికారికి ఆ పేరే పెట్టింది. 1984లో రద్దయ్యేవరకు కరణాల పెత్తనం చూసిన కృష్ణా జిల్లా పెద్దలకు ఆ మాట ఎంత బరువైనదో తెలుసు. ఆయన రెండే సంగతులు చెప్పాడు. ఈ మనుషులు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించినవాళ్లూ కారు. దేమేత్రికి ఫిర్యాదుంటే న్యాయసభలున్నాయి, అక్కడికి వెళ్లమనండి. ఇంచుమించు మూడేళ్లు ఆ పట్టణంలో విగ్రహారాధనకు వ్యతిరేకంగా ప్రకటించిన పౌలు బృందానికి, వాళ్ల విశ్వాసంతో సంబంధం లేని అధికారి ఇచ్చిన సాక్ష్యం అది. ప్రకటించారు, కానీ దూషించలేదు. ఈ తేడా బయటివాడికి కూడా తెలిసేలా వాళ్లు మాట్లాడారన్నమాట.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. 2006లో 'ద డావిన్సీ కోడ్' సినిమా వచ్చింది. యేసుక్రీస్తుకు పెళ్లయిందనీ, వంశం ఉందనీ కల్పించిన కథ. మన మనసులు గాయపడ్డాయి, అందులో అబద్ధం లేదు. సెన్సారు బోర్డు పెద్దలకు మాత్రమే అనే సర్టిఫికెట్ ఇచ్చి, ఇది కల్పితమని తెరమీద ప్రకటన వేయించింది. అయినా నిషేధించాలని క్రైస్తవ సంఘాలు కోరాయి. డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం జూన్ మొదట్లో ప్రదర్శన ఆపేసింది. అదే నెల 21న హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. అంతకుముందే, 1989లో, ఒక తమిళ సినిమా కేసులో సుప్రీంకోర్టు ఇదే సూత్రం చెప్పి ఉంది: ఊరేగింపులు జరుగుతాయన్న బెదిరింపుతో భావప్రకటనను అణచకూడదు.

ఆ తీర్పు అప్పట్లో మనలో చాలామందికి చేదుగా అనిపించింది. ఇన్నేళ్ల తర్వాత చెప్పండి, ఆ సినిమావల్ల ఏ సంఘం తలుపు మూతపడింది? ఆ నవల 2003 నుంచే బజారులో ఉంది. ఆ రోజు మనం నెగ్గి ఉంటే, గాయపడ్డామని గట్టిగా అరిచినవాడి మాటే చెల్లాలన్న సూత్రం కూడా నెగ్గి ఉండేది. దాన్ని రేపు మన కూటాల మీద, మన కరపత్రాల మీద ఎవరైనా ప్రయోగించవచ్చు. మనం ఈ దేశంలో కొద్దిమందిమి. ఆ సూత్రం చివరికి ఎవరిమీద పడుతుందో లెక్క వేసుకోవడం కష్టం కాదు.

మనసు నొప్పించే మాట వేరు, మనుషులమీదికి ఉసిగొల్పే మాట వేరు. ద్వేషప్రసంగం ఒక వర్గాన్ని మిగతావారి కళ్లలో తక్కువ చేసి, తర్వాత జరిగే దాడులకు నేల సిద్ధం చేస్తుందని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మన పొరుగున ఒడిశాలోని కంధమాల్‌లో 2008లో అదే చూశాం. స్వామి లక్ష్మణానంద హత్య తామే చేశామని మావోయిస్టులు ప్రకటించినా, నింద క్రైస్తవుల మీద పడింది. వేలాది ఇళ్లు కాలిపోయాయి. 2020లో కరోనా వ్యాపించినప్పుడు ఆ నింద తబ్లిగీ జమాత్ మీద పడింది. రాత్రింబవళ్లు టీవీలు మోగాయి. అందులో పాల్గొన్న విదేశీయుల మీద పెట్టిన కేసులను ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారన్న భావన వ్యక్తం చేసింది. ఆ సంగతి ఎన్ని టీవీలు రాత్రింబవళ్లు చెప్పాయి? ఆ మార్చి, ఏప్రిల్ నెలల్లో ముస్లిం కూరగాయల వ్యాపారిని చూసి పక్కకు తప్పుకున్నవారిలో మనవాళ్లు లేరని చెప్పగలమా?

2019 ఆగస్టులో తిరుమల కొండమీద చర్చి కట్టారంటూ ఒక ఫోటో రాష్ట్రమంతా తిరిగింది. అది అటవీశాఖ కట్టడం, శిలువ అన్నది కెమెరా స్తంభం. అబద్ధమని తేలాక మనకు ఊరట కలిగింది, కోపమూ వచ్చింది. న్యాయమే. మరి 2025 మార్చిలో మనమేం చేశాం? హైదరాబాదు నుంచి బుల్లెట్ మీద విజయవాడ మీదుగా వెళ్తున్న ఒక సువార్తికుడు రాజమహేంద్రవరం దగ్గర రోడ్డుపక్క చనిపోయి కనిపించారు. దుఃఖం నిజమైనదే, అనుమానం రావడమూ సహజమే. కానీ పోస్టుమార్టం నివేదిక రాకముందే మన ఫోన్లలో హంతకుల మతం తేలిపోయింది. ఏప్రిల్‌లో పోలీసులు అది రోడ్డు ప్రమాదమని ప్రకటించారు. ఆ నిర్ధారణను ప్రశ్నించే హక్కు ఎవరికైనా ఉంది, దానికి న్యాయస్థానాలున్నాయి. కరణం దేమేత్రికి చూపించిన దారి కూడా అదే. మధ్యలో మనం ముందూ వెనుకా చూడకుండా పంపిన వీడియోలను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఇంకో సంగతి చెప్పుకోక తప్పదు. 2021 జనవరిలో కాకినాడకు చెందిన ఒక పాస్టరును సీఐడీ అరెస్టు చేసింది. విగ్రహాలను కాలితో తన్నానని ఆయన గొప్పగా చెప్పుకున్న పాత వీడియో బయటికి రావడమే కారణం. కేసు సంగతి కోర్టు చూసుకుంటుంది. కానీ ఆ మాటలు విన్న ఏ కరణమైనా, మనవాళ్లు దూషించలేదని సాక్ష్యం ఇవ్వగలడా? చట్టం మనల్ని శిక్షిస్తుందన్న భయంతో ఇది అడగడం లేదు. 1927లో వచ్చిన 295ఎ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయసంహితలో 299గా కొనసాగుతోంది. దాన్ని మనమీద అన్యాయంగా వాడినప్పుడు ఎదిరించాలి కూడా. అయితే అలా ఎదిరించేటప్పుడు మన చేతులు శుభ్రంగా ఉండాలి కదా.

పౌలుకు ఎఫెసులో స్నేహితులు ఉండేవారు. ఆ అల్లరిలో నాటకశాలకు వెళ్లొద్దని కబురు పంపిన ఆసియ అధికారుల గురించి లూకా ప్రత్యేకంగా రాశాడు. కొండపల్లిలో మన కూటానికి మైకు కట్టే రోజున, దర్గా వీధి నుంచో బొమ్మల కాలనీ నుంచో మన క్షేమం కోరి కబురు పంపేవాళ్లు మనకెంతమంది ఉన్నారు? ఎఫెసులో సభ ముగిశాక పౌలు శిష్యులను పిలిచి, ధైర్యం చెప్పి, మాసిదోనియకు బయల్దేరాడు. ఆ రోజు వాళ్లను కాపాడిన కరణం పేరు మాత్రం లూకా రాయలేదు.