తత్వం కుదిరే చోట కెమెరా

పీటర్ జాక్సన్ 2021లో ఇచ్చిన ‘గెట్ బ్యాక్’ దాదాపు ఎనిమిది గంటల డాక్యుమెంటరీ. 1969 జనవరిలో బీటిల్స్ పాటలు కట్టుకుంటూ పడిన విసుగూ, తాగిన టీలూ అన్నీ అందులో ఉన్నాయి. సాగదీశాడన్నారు కొందరు, నాకు ఆ సాగదీతే నచ్చింది. అంత ఓపిక కర్ణాటకలోని చింతామణి తాలూకా కైవారం మీద ఎవరైనా చూపాలి. అక్కడ గాజులమ్ముకున్న యోగి, కైవారం తాతయ్య, ‘అమర నారేయణ’ ముద్రతో చెప్పిన తెలుగు తత్వాలను గురుపూర్ణిమకు భజన బృందాలు పాడతాయి. వేదికను కెమెరాతో తీసేవాళ్లకు కొదవలేదు. నేను చూడాలనుకునేది ఆ బృందాలు బాగేపల్లి పల్లెల్లో చేసే సాధన: హార్మోనియం మీద శ్రుతి వెతుక్కోవడం, తాళం తప్పితే పెద్దాయన కసరడం, కన్నడ బడిలో చదివిన కుర్రాడు తెలుగు చరణాన్ని కన్నడ లిపిలో రాసుకోవడం. ఎడిటింగులో మొదట కత్తెర పడేది వీటికే.